సంచార వ్యానులో పరికరాలకు పట్టీలు, అరలు: ఎక్కడ బిగించాలి, ఎలా బిగించాలి

పశువైద్యానికీ, కృత్రిమ గర్భధారణకూ ఊరూరా తిరిగే వ్యాను మన సంఘాల సభ్యులందరికీ పరిచయమైనదే. ఎదకు వచ్చిన గేదె కోసం కబురు చేస్తే వచ్చేది అదే. గాలికుంటు టీకాలు తెచ్చేది అదే. కొన్ని చోట్ల పాల పరీక్ష సామగ్రిని కేంద్రం నుంచి కేంద్రానికి మోసేదీ అదే. వ్యాను కొనేటప్పుడు దాని ఇంజను గురించీ, మైలేజి గురించీ కమిటీలో గంటల తరబడి చర్చ జరుగుతుంది. అయితే ఆ వ్యాను లోపల పరికరాలు ఏ విధంగా నిలబడి ఉంటాయన్న విషయం మీద చర్చ జరగడం అరుదు. నత్రజని క్యాను ఒక మూల, దానిని ఆనించి మందుల పెట్టె, పెట్టె మీద ఐసు డబ్బా, వాటి మధ్య దూర్చిన గోనెసంచి, అన్నిటికీ కలిపి ఒక సైకిలు ట్యూబు. ఇదే పద్ధతి చాలా చోట్ల నడుస్తోంది.

ఇది డ్రైవరూ, టెక్నీషియనూ చూసుకోవలసిన సంగతి కదా, పాలు పోసే సభ్యులకు ఎందుకని కొందరు అడగవచ్చు. కదులుతున్న సామాను వల్ల కలిగే నష్టం చివరికి చేరేది సభ్యుని పశువుల కొట్టంలోకే గనుక చెబుతున్నాము. సీసా పగిలితే కంటికి కనిపిస్తుంది, లెక్కలో రాస్తారు. వీర్యపు స్ట్రాలు చెడిపోతే ఎవరికీ కనిపించదు. ఒక్కసారి వెచ్చబడిన స్ట్రాను మళ్ళీ నత్రజనిలో ముంచితే పైకి ఏ తేడా తెలియదు. రంగు మారదు, వాసన రాదు. లోపలి వీర్యకణాలు మాత్రం దెబ్బతిని ఉంటాయి. అటువంటి స్ట్రాతో గర్భధారణ చేయిస్తే గేదె కట్టదు. అప్పుడు రైతు గేదెను అనుమానిస్తాడు, లేదా టెక్నీషియను చేతిని అనుమానిస్తాడు. వ్యానులో దొర్లిన క్యానును అనుమానించేవారు లేరు.

గేదె ఎద 21 రోజులకు ఒకసారి. అందులోనూ గేదెల్లో మూగ ఎద ఎక్కువ, రాత్రి వేళ వచ్చేది ఎక్కువ, ఎండాకాలంలో అసలు పట్టుకోవడమే కష్టం. అంత కష్టపడి కనిపెట్టిన ఎద ఒకటి వృథా అయితే మరో మూడు వారాల మేపు దండుగ, మూడు వారాల పాలు వెనక్కి. చూడికాలమే సుమారు 310 రోజులు ఉన్న పశువుకు దాని మీద ఈ ఆలస్యం కూడా చేరుతుంది. కనుక వ్యానులో బిగించే నాలుగు ఇనుప పట్టీల విషయం సభ్యుడు తెలుసుకోదగినదే అని మా అభిప్రాయం.

బరువు వ్యాను ఆగినా ఆగదు

ముందుగా ఒక్క లెక్క చెప్పి అసలు పనిలోకి వస్తాము. వ్యాను గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతున్నదన్నమాట. లోపలి సామాను కూడా అదే వేగంతో పోతున్నది. వ్యాను గభాలున ఆగితే కట్టని సామాను ఆగదు, ఆ వేగంతోనే ముందుకు పోతుంది. ఆ దెబ్బ, అదే వస్తువును 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడవేసినంత. బండి దేనినైనా గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, 10 కిలోల పెట్టె ఆ క్షణంలో 200 కిలోల బరువై డ్రైవరు వీపు మీదికి వస్తుంది.

ప్రమాదం సంగతి అలా ఉంచి, రోజూ వేసే బ్రేకుల సంగతే చూద్దాం. యూరపు దేశాల్లో లారీ సరుకు కట్టడానికి పాటించే ప్రమాణం ప్రకారం, ముందువైపుకు సామాను బరువులో పదింట ఎనిమిది వంతుల బలాన్నీ, పక్కలకూ వెనుకకూ సగం బరువు బలాన్నీ పట్టీలు ఆపగలగాలి. మన పల్లె దారులకు ఇంకొకటి కలుపుకోవాలి. గుంటలో పడి లేచినప్పుడు సామాను పైకి ఎగురుతుంది. పక్కలకు గట్టిగా అమర్చి, పైనుంచి ఏ పట్టీ లేకుండా వదిలేసిన స్టాండులో క్యాను లేచి పడుతూనే ఉంటుంది. ముందుకు, పక్కకు, పైకి, మూడు వైపులా పట్టు ఉంటేనే బిగించినట్టు లెక్క.

ఇక సైకిలు ట్యూబు, సాగే తాడు. ఇవి చేతికి అందుబాటులో ఉంటాయి గనుక అందరూ వాడుతున్నారు. అయితే సాగేది ఏదైనా సామానును ఆపదు, కొంత దూరం పోనిచ్చి తిరిగి వెనక్కి విసురుతుంది. గ్లౌజుల అట్టపెట్టెకు అవి చాలు. బరువైన వాటికి సాగని పట్టీయే కావాలి. లారీల వారు వాడే, చేతి పిడితో బిగించే రాచెట్ బెల్టు ఇందుకు బాగుంటుంది, అన్ని పట్టణాల్లోనూ దొరుకుతోంది.

చర్మానికి కాదు, ఎముకకు

వ్యాను గోడ చూడడానికి ఇనుమే గాని, అది పలుచని రేకు. పశువుకు చర్మం ఎటువంటిదో వ్యానుకు ఆ రేకు అటువంటిది. రేకు వెనుక అక్కడక్కడ మడతపెట్టి అతికిన దళసరి పట్టీలు ఉంటాయి, అవే పక్కటెముకలు. నేల కింద అడ్డుగా పోయే దూలాలు ఉంటాయి. బరువు మోసేవి ఇవే. జీపు జాతి బండ్లకు కింద వేరుగా చాసీ ఉంటుంది. చిన్న వ్యానులు చాలావాటికి వేరు చాసీ లేదు, బాడీయే చాసీ. మారుతి ఆమ్ని అటువంటిదే. దాని తయారీ 2019లో ఆగిపోయింది గాని పాత బండ్లు పల్లెల్లో ఇంకా కనిపిస్తాయి.

రేకుకు మర స్క్రూలు గుచ్చి బ్రాకెట్టు వేలాడదీయడం సులువైన పని. కొత్తలో గట్టిగానే ఉంటుంది. కొన్నాళ్ళు కుదుపులు తిన్నాక స్క్రూ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది. ఆ తరువాత స్క్రూ తనంతట తానే ఊడి వస్తుంది. కనుక పట్టీ కట్టేది పక్కటెముకకే కట్టాలి. వేలితో తట్టుతూ పోతే డొల్ల శబ్దం మారి గట్టి శబ్దం వచ్చే చోటు ఎముక ఉన్న చోటు. లోపలి అట్టలు విప్పి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఎముకలలో కొన్నిటికి కంపెనీ వారే మర రంధ్రాలు వదిలి ఉంచుతారు, సీటు బెల్టులకూ, తీసివేసిన సీట్లకూ వాడినవి. వాటిని మించిన పట్టు మనం కొత్తగా తయారుచేయలేము. ముందు వాటిని వెదకండి.

నేలకు బోల్టు వేయక తప్పని చోట, రేకు కిందివైపు ఒక దళసరి ఇనుప బిళ్ళ వేయాలి. మూడు అంగుళాల చదరం, 3 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. మామూలు వాషరు మీద బోల్టు లాగితే వాషరుతో సహా రేకును చించుకుని వస్తుంది. పెద్ద బిళ్ళ ఉంటే లాగుడు బలం అంత మేర రేకు మీదా పరుచుకుంటుంది. బరువైన వాటికి 10 మిల్లీమీటర్ల బోల్టు, తేలికవాటికి 8 మిల్లీమీటర్లది సరిపోతుంది. కుదుపుకు వదులు కాకుండా లోపల నైలాను వలయం ఉన్న నట్టు వాడాలి. ఒకసారి విప్పిన నైలాను నట్టును తిరిగి వాడకుండా కొత్తది వేయడం మంచిది. దాని పట్టంతా ఆ వలయంలోనే ఉంది.

రంధ్రం చేయడానికి ముందు కిందికి దూరి చూడండి. ఈ మాట మెకానిక్కుకు చెప్పనవసరం లేదనుకుంటాము గాని చెప్పి తీరాలి. వ్యాను నేల కింద పెట్రోలు ట్యాంకు ఉంటుంది, బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, వైర్ల కట్టలు ఉంటాయి. గ్యాసుతో నడిచే బండి అయితే సిలిండరూ, దాని గొట్టమూ ఉంటాయి. సైలెన్సరు వేడి తగిలే చోట చెక్కను గాని రబ్బరును గాని ఉంచకూడదు. డ్రిల్లు బిట్టుకు ఒక కర్రముక్క తొడిగి, కొస ఒక్క అంగుళం కంటె బయటికి రాకుండా చేస్తే, రేకు తెగిన ఊపులో లోపలికి దూసుకుపోదు. రంధ్రం అంచులకు రెడ్ ఆక్సైడు రంగు వేసి, ఆరిన తరువాతే బోల్టు దించాలి. కోస్తా జిల్లాల ఉప్పుగాలికి పచ్చి ఇనుపఅంచు మొదటి వర్షాకాలంలోనే తుప్పు పడుతుంది. బ్రాకెట్టు పోయేది ఆ తుప్పు దగ్గరే.

వెల్డింగు చేయవచ్చునా అని కొందరు అడుగుతారు. బ్రాకెట్టును షెడ్డులో వెల్డు చేసి తెచ్చి, వ్యానుకు బోల్టులతో బిగించడమే మా సలహా. బండి మీదే వెల్డు చేస్తే రంగు కాలి లోపల తుప్పు మొదలవుతుంది, పక్కటెముక మెత్తబడుతుంది. ఈనాటి బండ్లలో కంప్యూటరు పెట్టెలు కూడా ఉంటాయి గనుక వాటికీ ప్రమాదం. తప్పనిసరి అయితే బ్యాటరీ తీగలు రెండూ విప్పించాకే వెల్డరును దగ్గరికి రానివ్వండి. పైగా, బోల్టులు వేసినది రేపు బండి మార్చినప్పుడు విప్పి కొత్తదానికి బిగించుకోవచ్చు.

నత్రజని క్యాను

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది ఇదే. ద్రవ నత్రజని మరిగే ఉష్ణోగ్రత సున్నాకు 196 డిగ్రీలు దిగువన. దానిని మోసే క్యాను నిజానికి రెండు క్యాన్లు. ఒకదాని లోపల ఒకటి, మధ్యలో గాలి తీసివేసిన ఖాళీ. లోపలి క్యాను బయటి క్యానుకు ఎక్కడా ఆనదు, మెడ దగ్గరి గొట్టానికి మాత్రమే వేలాడుతూ ఉంటుంది, బావి గిలక నుంచి చేద వేలాడినట్టు. ఆ గొట్టం ఫైబరుది. వేడి లోపలికి పోకూడదని దానిని పలుచగా చేస్తారు. క్యానును పక్కకు పడుకోబెట్టినా, పదేపదే ఒరిగి దెబ్బతిన్నా లోపలి బరువంతా ఆ మెడ మీద అడ్డంగా పడుతుంది. మెడలో వెంట్రుకంత బీట పడినా మధ్యలోని ఖాళీలోకి గాలి చేరుతుంది. ఆ తరువాత వారాల తరబడి నిలవవలసిన నత్రజని ఒకటి రెండు రోజుల్లోనే ఆవిరైపోతుంది. దీనికి బయటి గుర్తు ఒకటి ఉంది: క్యాను బయటివైపు చెమట పట్టడం, మెడ చుట్టూ మంచు పేరుకోవడం. మీ ఇంటి ముందు ఆగిన వ్యానులో అటువంటి క్యాను కనిపిస్తే టెక్నీషియనుకు వెంటనే చెప్పండి. అతడు నొచ్చుకున్నా పరవాలేదు.

క్యాను ఎక్కడ ఉండాలి? బస్సులో వెనుక సీటులో కూర్చుని ప్రయాణం చేసినవారికి ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. వెనుక ఇరుసుకు వెనుకవైపు కుదుపు అన్నిటికంటె ఎక్కువ. రెండు ఇరుసుల మధ్య, డ్రైవరు వెనుక అడ్డగోడను ఆనుకుని, పక్క తలుపు దగ్గరగా అయితే కుదుపు తక్కువ, చేతికీ అందుబాటు. ఆమ్ని వంటి బండిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది గనుక దాని వేడి తగలకుండా కొంత ఎడం ఇవ్వాలి. కిటికీ లోంచి ఎండ పడే చోటు వద్దు.

కూర్చోబెట్టే పద్ధతి ఇది. ముప్పాతిక అంగుళం మందం ప్లైవుడ్డును చదరంగా కోసి, నడిమధ్య క్యాను అడుగు సరిగా పట్టే గుండ్రని కంత చేయాలి. కింద అంగుళం మందం రబ్బరు పరుపు. చుట్టూ మూడు గాని నాలుగు గాని యాంగిల్ నిలువులు, క్యాను భుజం ఎత్తు వరకు. నిలువులకు లోపలివైపు పాత లారీ ట్యూబు ముక్కలు చుట్టాలి. క్యాను అల్యూమినియంది. ఇనుము దానిని నేరుగా తాకితే రుద్దుకుని అరుగుతుంది, తేమ చేరితే రెండు లోహాల మధ్య తుప్పు కూడా వేగంగా పడుతుంది. ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర ఒక వెడల్పాటి పట్టీ చుట్టి కొలికితో బిగించాలి. పీక నొక్కినట్టు బిగించకూడదు, రేకు సొట్ట పడుతుంది. చేత్తో ఊపితే కదలకుండా ఉంటే చాలు. పైకి ఎగరకుండా భుజాల మీదుగా నైలాను నవారు పట్టీ రెండు వైపులా నేలకొక్కేలకు దింపాలి. ఆ పట్టీ మూత మీదుగా పోకూడదు. చెవులకు తాడు వేసి గోడకు కట్టడం, మెడకు ఇనుప వలయం తొడగడం అసలే కూడదు. బరువంతా వేలాడే చోటు మెడ అని పైన చెప్పాము.

మూత గురించి విడిగా చెప్పాలి. క్యాను మూత వదులుగా ఉండేటట్టు కంపెనీ వారే చేస్తారు, అది లోపం కాదు. లోపల నత్రజని ఎల్లవేళలా కొద్దికొద్దిగా ఆవిరి అవుతూనే ఉంటుంది, ఆ ఆవిరి బయటికి పోవాలి. ఎగిరిపోతున్నదని మూతను గుడ్డతో బిగించినా, బిరడా కొట్టినా, పైన బరువు పెట్టినా క్యాను బాంబు అవుతుంది. అందుకే క్యాను మీద అర కట్టేవారు ఒక విషయం చూసుకోవాలి. లోపలి గిన్నె ఎత్తడానికీ, మట్టం చూసే కొలబద్ద నిలువుగా దించడానికీ పైన చోటు ఉండాలి. అర అడ్డం ఉంటే టెక్నీషియను క్యానును ప్రతిసారీ వంచుతాడు, లేదా గిన్నెను మెడ పైదాకా లాగి పక్కకు తిప్పి స్ట్రా తీస్తాడు. గిన్నె మెడ అంచుకు రెండు మూడు అంగుళాల దిగువనే ఆగాలి. అంతకంటె పైకి వచ్చిన ప్రతిసారీ, వాడిన ఒక్క స్ట్రా తప్ప మిగిలినవన్నీ కొంచెం కొంచెం వెచ్చబడుతూ పోతాయి. అర ఒక్క అడుగు ఎత్తు తప్పుగా కట్టిన పాపం ఎన్ని గేదెల మీద పడుతుందో లెక్క వేయడం కష్టం.

ఇక ప్రాణాపాయం సంగతి. ఒక లీటరు ద్రవ నత్రజని ఆవిరి అయితే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. లోపల 5 ఘనపు మీటర్ల చోటున్న వ్యానులో 3 లీటర్లు ఒలికితే 2 ఘనపు మీటర్లకు పైగా వాయువు. తలుపులు, అద్దాలు మూసి ఉంటే, మనం పీల్చే గాలిలో 21 శాతం ఉండవలసిన ప్రాణవాయువు 15 శాతం కంటె దిగిపోతుంది. నత్రజనికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. మనిషికి ఊపిరాడడం లేదన్న సంగతి తెలియకుండానే తల తిరిగి పడిపోతాడు. చల్లని ఆవిరి బరువుగా ఉండి నేల మీదనే పరుచుకుంటుంది గనుక మధ్యాహ్నం వ్యాను నేల మీద గుడ్డ పరుచుకుని తలుపు మూసుకుని కునుకు తీసేవారికి ఇది మరీ అపాయం. క్యాను ఉన్న వ్యానులో నిద్రపోకూడదు. రెండు వైపులా అద్దాలు నాలుగు వేళ్ళ మేర దించి ఉంచాలి. ఏసీ ఉన్న బండి అయితే బయటి గాలి లోపలికి వచ్చే మీట మీదనే ఉంచాలి. ఎవరైనా లోపల పడిపోయి కనిపిస్తే ముందు తలుపులన్నీ బార్లా తీయండి. గబుక్కున లోపలికి దూకితే రెండవ మనిషీ పడిపోతాడు.

యాసిడ్ సీసా, గాజు సామాను

పాల పరీక్ష సామాను మోసే వ్యానులో గంధకామ్లం ఉంటుంది. గెర్బర్ పరీక్షకు వాడే ఆమ్లం చిక్కదనం 90, 91 శాతం. అది చర్మాన్నీ గుడ్డనూ కాలుస్తుంది, ఇనుప రేకును తింటుంది. రెండున్నర లీటర్ల సీసాలో ఆమ్లమే నాలుగున్నర కిలోల బరువు. పాలతో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు కనుక చిన్న సీసా అని తేలిగ్గా తీసుకోరాదు.

సీసా నిలబెట్టే పెట్టె నేల మీదే ఉండాలి, గోడ అరల మీద కాదు. మనిషి కంటి ఎత్తుకు దిగువన ఉండాలన్నది సూత్రం. చెక్క గది చేసి, దానిలో ప్లాస్టిక్కు తొట్టి దించి, తొట్టిలో సీసా ఉంచాలి. సీసా మొత్తం పగిలినా ఆమ్లమంతా ఆ తొట్టిలోనే ఆగేటంత లోతు ఉండాలి. పక్కన ఒక డబ్బాలో వంటసోడా, 20 లీటర్ల నీళ్ళ క్యాను ఉంచుకోవాలి. ఒంటి మీద పడితే చాలా నీళ్ళతో కడగడమే మొదటి వైద్యం, సోడా నేల మీద పడినదానికి. అమైల్ ఆల్కహాలు మండే స్వభావం గలది కనుక వేరే పెట్టెలో, ఆమ్లానికి దూరంగా. నత్రజని క్యాను పక్కన ఆమ్లాన్ని ఉంచడం ఏ విధంగానూ మంచిది కాదు. ఒకటి తూలితే రెండవదానినీ తీసుకుని పోతుంది.

బ్యూటిరోమీటర్లకు కంతలు చేసిన చెక్క స్టాండు చాలు, కంతలకు ఫ్లానెలు గుడ్డ అంటించాలి. సెంట్రిఫ్యూజి మాత్రం బరువు. దాని అడుగున కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలు ఉంటాయి, వాటితోనే నేలకు బిగించాలి.

మిగిలినవి

టీకా పెట్టె 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కనుక ఇంజనుకు దూరంగా, ఎండ పడని మూల. గ్లౌజులు, షీతులు, దూది వంటి తేలిక సామాను పైఅరల్లో. అర ఏదైనా ముందు అంచుకు రెండంగుళాల ఎత్తు అడ్డపట్టీ తప్పనిసరి. సొరుగులకు రాపిడితో ఆగే కొక్కేలు పనికిరావు, తలుపులకు వాడే చిన్న గడియలే మేలు. డ్రైవరు సీటు వెనుక ఇనుప జాలీ ఒకటి ఉండాలి. దానికి పెట్టే ఖర్చుకు ఏ కమిటీ అయినా అభ్యంతరం చెబితే పైన చెప్పిన 200 కిలోల లెక్క వినిపించండి.

సామాను అమర్చే వరుస గురించి ఒక మాట. క్యాను లోంచి స్ట్రా తీయడం, 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు కరిగించడం, తుడవడం, గన్నుకు ఎక్కించడం, షీతు తొడగడం, పని జరిగే క్రమం ఇది. వేడినీళ్ళ ఫ్లాస్కు, థర్మామీటరు, గన్ను, షీతులు ఇదే క్రమంలో క్యాను నుంచి ఒక చెయ్యి దూరంలో వచ్చేటట్టు అరలు కట్టిస్తే మంచిది. స్ట్రా చేతిలో పట్టుకుని గన్ను కోసం వెదుకుతూ ఉంటే ఎండా గాలీ దాని పని అవి చేస్తాయి. కనుక అరలు కట్టించే రోజున టెక్నీషియను దగ్గర ఉండాలి. వడ్రంగికీ, వెల్డరుకూ ఈ క్రమం తెలిసే అవకాశం లేదు.

బరువులన్నీ ఒకే పక్కన చేర్చకండి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి బరువైనవి ఎడమవైపుకు కొంత మొగ్గినా తప్పు లేదు. 35 లీటర్ల క్యానులో నత్రజని ఒక్కటే 28 కిలోలు, క్యాను బరువు అదనం. నీళ్ళు, ఆమ్లం, సెంట్రిఫ్యూజి, ఇనుప నిలువులు అన్నీ కలిపాక ఒకసారి వేబ్రిడ్జి మీద తూచి, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుకు లోబడి ఉన్నదో లేదో చూడడం మంచిది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. సీట్లు తీసివేసి అరలు కట్టించదలచిన సంఘాలు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించుకోవాలి. బీమా కంపెనీకి కూడా ఒక ఉత్తరం రాసి ఉంచితే తరువాత పేచీ ఉండదు.

సంచార పశువైద్యశాలలు తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ 1962 నంబరుతో మొదలయ్యాయి. ఆ బండ్లు మీ ఊరికి వచ్చినప్పుడు లోపల సామాను ఎలా అమర్చారో ఒకసారి చూడమని కోరుతున్నాము. ఉన్నదున్నట్టు అనుకరించమని కాదు. వాటి పరిమాణం వేరు, మన చిన్న వ్యాను వేరు. అయినా ప్రతి వస్తువుకూ దాని కొలతకు తగిన చోటు ఉండడమన్నది చూసి నేర్చుకోదగినదే.

పని పూర్తయ్యాక మొదటి పరీక్ష అసలు సామానుతో చేయకండి. క్యాను బదులు అదే బరువుకు నీళ్ళు నింపిన పాల క్యాను, సీసా బదులు నీళ్ళ సీసా ఆయా చోట్ల కట్టి, ప్రతిదాని చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. ఊరి బయట ఖాళీ దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేయించండి. తరువాత మీ ఊళ్ళో అన్నిటికంటె చెడ్డదారి ఏదో దాని మీద రెండుసార్లు తిప్పించి, తలుపు తీసి గీతలు చూడండి. ఏదైనా వస్తువు గీత దాటి వేలెడు జరిగితే ఆ పట్టీ విప్పి మళ్ళీ బిగించాలి. అన్నీ సరిగా ఉన్నా, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నిటికీ ఒకసారి స్పానరు వేయాలి. అటు తరువాత నెలకొకసారి, నత్రజని నింపించే రోజున వేస్తే మరిచిపోరు.